రెండు నిమిషాల ఏకగ్రీవం

లాంపి ఊరి సౌనాకు ఉరిశిక్ష వేసింది మీరే. కౌన్సిల్ బల్ల వెనక కూర్చున్న ఐదుగురు పెద్దమనుషులూ, మీరే. చికాగో నుంచి నల్ల స్వెట్టరు తొడుక్కుని దిగిన ఆర్కిటెక్టు గారూ, మీరూ. అందరికన్నా ముందు, సెప్టెంబరు పదకొండో తేదీ సాయంత్రం బడి జిమ్‌లో మడత కుర్చీల మీద చేతులు కట్టుకుని, నేల మీది బాస్కెట్‌బాల్ గీతలు లెక్కపెడుతూ కూర్చున్న నూట పద్నాలుగు మందీ, మీరే. ఆ నూట పద్నాలుగులో నేనొకణ్ణి. కాబట్టి నన్నూ తిట్టండి. ఆ వంకనైనా నోరు తెరిచినట్టవుతుంది.

బయటివాళ్ళ కోసం సంగతి చెబుతాను. మా సౌనా అంటే ఆవిరి స్నానాల ఇల్లు. ఇనుము తవ్వడానికి ఫిన్లాండు నుంచి అమెరికాకు వచ్చిన మా తాతలు పైన్ దుంగలు చెక్కి, ఒక్క మేకు కూడా లేకుండా మూలల్లో దుంగకు దుంగ కొరికించి, సరస్సు ఒడ్డున కట్టారు. లోపల మూడు మెట్లుగా అరుగులు, రాళ్ళు పేర్చిన కట్టెల పొయ్యి. బయటి గదిలో బల్లలు, కొక్కేలు, కాఫీ. బుధవారం ఆడవాళ్ళకు, శనివారం మగవాళ్ళకు. పొయ్యి వెలిగించేది సైమి పెల్టోలా. ఎనభై రెండేళ్ళు. ఊరందరికీ పిన్ని. ఆమె పుట్టింది ఆ పై అరుగు మీదే, ఎందుకంటే ఆ రోజుల్లో ఊళ్ళో అంతకన్నా వెచ్చని, శుభ్రమైన గది లేదు. తల్లినీ, భర్తనీ ఆఖరిసారి ఆమె కడిగిందీ అక్కడే. తనను కూడా అక్కడే కడగాలని ఆమె ఎవరితోనూ అనలేదు. బయటి గది అటక మీద తెల్లటి నార దుప్పటి ఒకటి మడతపెట్టి ఉంటుంది. అందరం చూశాం. ఎవరం అడగలేదు. అడిగే రకం కాదు మేం.

ఆ ఇంటిని విప్పేసి, ఆ స్థలంలో "నార్డిక్ స్ఫూర్తి కేంద్రం" కడతారట. నార్డిక్ అంటే ఫిన్లాండు, దాని ఇరుగుపొరుగు దేశాలు. నవంబరు మూడున ముహూర్తం. ఊళ్ళో ఏ తపాలా పెట్టె మీద చూసినా -నెన్, -లా అని ముగిసే ఫిన్లాండు పేర్లే. ఇలాంటి ఊరికి నార్డిక్ స్ఫూర్తి కరువైందట. చేపపిల్లకు ఈత నేర్పడానికి చికాగో నుంచి పంతులు రావాలట.

ఆ పంతులు పేరు టాల్బట్ రీస్. మంచివాడే, అదే కష్టం. దుర్మార్గుడైతే మాకు పని తేలికయ్యేది. కోపెన్‌హాగన్‌లో ఒక వేసవి ఉన్నాడు, హెల్సింకీలో పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల గురించి మాకు గంటన్నర చెప్పాడు. తెర మీద బొమ్మలు చూపించాడు. తెల్ల గోడ. ఇంకో తెల్ల గోడ. లేత రంగు బల్ల. బోర్లించిన గిన్నెలా వేలాడే దీపం. బల్ల మీద ఒకే ఒక్క గిన్నె, గిన్నెలో ఒకే ఒక్క పండు. ఆ పండు ఎవరు తినాలో చెప్పలేదు.

ఆ బొమ్మలు మాకు కొత్తవా? అమెరికాలో ఏ బ్యాంకుకు వెళ్ళినా అవే. విమానాశ్రయంలో అవే, కాలేజీ లైబ్రరీలో అవే, పళ్ళ డాక్టరు ముందు గదిలోనూ అవే. మా దేశం నుంచి ఓడల్లో రెండు రకాల మనుషులు వచ్చారు. అడుగు అరలో వచ్చినవాళ్ళు గనుల్లోకి దిగారు. ఆ తర్వాత నక్షాల చుట్టలు చంకలో పెట్టుకుని పై అరలో వచ్చినవాళ్ళు అమెరికాకు కాలేజీలూ చర్చిలూ కట్టారు. వాళ్ళతో నాకు తగువు లేదు. మంచు ఎటునుంచి పడుతుందో వాళ్ళకు తెలుసు. వాళ్ళు ఈ దేశానికి మూడు సంగతులు చెప్పారు: వెలుతురు లోపలికి రానివ్వు, చెయ్యి తగిలేచోట చెక్క పెట్టు, పేదవాడి బడి కూడా అందంగా ఉండాలి. అమెరికా మొదటి రెండూ శ్రద్ధగా నేర్చుకుంది. మూడోది చెప్పేసరికి గంట కొట్టి బయటికి వెళ్ళిపోయింది.

అడుగు అరలో వచ్చినవాళ్ళ కథ వేరు. సమ్మె చేశారని గనుల కంపెనీలు వాళ్ళ పేర్లు నల్ల జాబితాలో ఎక్కించాయి. ఫిన్లాండువాడంటే ఎర్రజెండావాడు, మొండివాడు, అడవిలో గుడ్డలిప్పి పొగలో కూర్చునే పిచ్చివాడు. ఇప్పుడు ఆ పిచ్చివాడి అరుగే నున్నటి కాగితం మీద అచ్చయ్యేసరికి సంస్కృతి అయింది. అరుగు కావాలి వీళ్ళకు. దాని మీద కూర్చునేవాడు మాత్రం అక్కర్లేదు.

సరే, నక్షా. కప్పు బల్లపరుపుగా ఉంది. ఏప్రిల్ దాకా నడుం లోతు మంచు కూర్చునే ఊళ్ళో బల్లపరుపు కప్పు. బూట్లు విప్పడానికి చోటు లేదు, ఎందుకంటే ఆ బొమ్మలోని మనుషులకు బూట్లే లేవు. ముందు హాల్లో బిర్చి చెట్టు కట్టెలు నేల నుంచి కప్పు దాకా పేర్చిన గోడ. అవి కాల్చడానికి కాదు, చూడటానికి. జిగురు పెట్టి అంటిస్తారు. సౌనా కూడా ఉంది, లేకపోలేదు. ఆరుగురు పట్టే పెట్టె, కరెంటు పొయ్యి, దాని మీద నీళ్ళు చల్లకూడదు, ఫ్యూజు పోతుందట. ముందు గోడ నిలువెత్తు అద్దం. అద్దం రోడ్డు వైపు. "పారదర్శకత" అన్నాడు రీస్. ఖనిజం లారీలు నడిపే కుర్రాళ్ళు బుధవారం సాయంత్రాలు ఆ రోడ్డు మీద ఎంత నెమ్మదిగా వెళతారో నేను చెప్పనక్కర్లేదు.

పాత సౌనాను పారేయరట, గౌరవిస్తారట. దుంగలు విప్పి, పలకలుగా కోసి, కొత్త హాల్లో గోడకు తాపడం చేస్తారట. గౌరవమంటే అదీ. మనిషిని చంపి, చర్మం వలిచి, చొక్కాగా కుట్టించుకుని, ఆయనంటే నాకెంతో ఇష్టమండీ అనడం.

అప్పుడడిగాడు రీస్, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని.

ఇక్కడ మా జబ్బు గురించి చెప్పాలి. మౌనం అర్ధాంగీకారం అనే మాట ఏ వెచ్చటి దేశంలోనో పుట్టి ఉంటుంది. మా దగ్గర మౌనమంటే నిండు తిరస్కారం. ఒప్పుకుంటే మావాడు "సర్లే" అని గొణిగి కాఫీ కోసం లేస్తాడు. ఒప్పుకోకపోతే నేలకేసి చూస్తాడు. అర నిమిషం చూస్తే ఇష్టం లేదని. నిమిషం చూస్తే కోపంగా ఉన్నాడని. పాత సహకార సంఘం రోజుల్లో అధ్యక్షులు ఈ లెక్క చూసుకునే తీర్మానాలు చించేసేవాళ్ళు. దానికి తోడు, పెద్దవాళ్ళు పెదవి విప్పనిదే చిన్నవాళ్ళు విప్పరు. ముందు వరసలో సైమి పిన్ని అల్లుతున్న మేజోడు ఒళ్ళో పెట్టి సూదులు ఆపేసింది. అంతే, నూట పద్నాలుగు తలలూ కిందికి వాలాయి. గోడ గడియారం వైపు నేను చూశాను. రెండు నిమిషాలు. నా జన్మలో అంత పెద్ద "వద్దు" వినలేదు. జిమ్ కప్పు ఎగిరిపోతుందనుకున్నాను.

రీస్ కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంత లోతైన అంగీకారం నేనెక్కడా చూడలేదు" అన్నాడు.

ఆయన్ని క్షమించేస్తాను. ఆయనకు తెలియదు. కానీ పక్కన కలం పట్టుకుని కూర్చున్నది కౌన్సిల్ అధ్యక్షుడు వెర్న్ కాలియో. నా చిన్నప్పటి నుంచీ నాతో పై అరుగు మీద చెమట కార్చిన వెర్న్. నాకూ వాడికీ ఒకే గనిలో పోయిన తాతలు. వాడు వంగి పుస్తకంలో ఒక్క మాట రాశాడు. ఏకగ్రీవం.

మర్నాడు వాడి హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్ళాను.

"రెండు నిమిషాలు, వెర్న్. నీకు తెలియలేదా?"

"తెలిసింది."

"మరి?"

"రికార్డు పుస్తకంలో రెండే గళ్ళుంటాయి టౌనో. ఔను, కాదు. మౌనానికి గడి లేదు. కాదని ఎవడన్నాడు చెప్పు, రాస్తాను. నువ్వన్నావా? యూనియన్ హాల్లో మైకు లాక్కునే మొనగాడివి కదా. ఆ రోజు నాలుక ఇంట్లో మర్చిపోయొచ్చావా?"

అవసరం లేని బల్బొకటి కొనుక్కుని బయటికొచ్చాను. ఆ బల్బు ఇంకా డబ్బాలోనే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. వాడికి వేయాల్సిన సిగ్గు కూడా నేనే భరిస్తున్నాను.

కానీ వాడు గుమ్మం దాకా వచ్చి మరో మాట చెప్పాడు. నలభై అయిదు రోజుల్లోగా ఊరి సభలో ఎవరైనా నోటితో అభ్యంతరం చెబితే కౌన్సిల్ మళ్ళీ ఓటు వేయాల్సిందేనని ఊరి నిబంధన. నోటితో అన్న మాటను రెండుసార్లు నొక్కి చెప్పాడు. మీసాల్లో నవ్వాడో, సిగ్గుపడ్డాడో తెలియలేదు. కొంచెం పశ్చాత్తాపం కూడా ఉందేమోనని అనుమానించాను. నాకు ఆశ ఎక్కువ.

నాకు తోచిన ఉపాయం ఒకటే. ఆర్కిటెక్టును సౌనాకు పిలవడం. ఆవిరి తగిలితే ఆయనకే అర్థమవుతుందనుకున్నాను. వెర్న్ కబురు పెట్టాడు. రీస్ ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. అక్టోబరు పదకొండు, శనివారం, తొలి మంచు పడ్డ రోజు.

మేమంతా గుడ్డలిప్పి కూర్చుంటే ఆయన ఈత నిక్కరు వేసుకుని వచ్చాడు. మేం ఏమీ అనలేదు, మా సంగతి తెలిసిందే కదా. అందరికన్నా కింది అరుగు మీద, తలుపు పక్కన, చంటిపిల్లలు కూర్చునేచోట కూర్చున్నాడు. రిటైరైన లారీ డ్రైవరు వాల్ఫ్రిడ్ సారి రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు చల్లాడు. ఆవిరి కప్పుకు తగిలి మెడ మీదికి దిగింది. రీస్ "అబ్బా" అన్నాడు, ఆనందంగానే. రెండో గరిటెకు దుంగల కొరుకుల మీద చెయ్యి పెట్టి తడిమాడు. మూడో గరిటెకు తలుపు తీసుకుని, అచ్చం మావాళ్ళలాగే, సరస్సులోకి పరిగెత్తాడు. నా గుండె పొంగింది. వచ్చేశాడు దారికి, అనుకున్నాను.

బయటి గదిలో పిన్ని కాఫీ పోసింది. పొయ్యి బొగ్గుల మీద కాల్చిన సాసేజి, ఏలకుల రొట్టె పెట్టింది. ఆయన తువ్వాలు చుట్టుకుని ఎర్రగా, పసివాడిలా మెరుస్తూ కూర్చున్నాడు. తన జీవితంలో ఇంత నిజమైన అనుభవం లేదన్నాడు. ఇరవై ఏళ్ళుగా తను గీస్తున్నదంతా దీని కోసమేనట. అటక మీది దుప్పటి చూసి, ఎంత స్వచ్ఛమైన తెలుపు అని ఫోనుతో బొమ్మ తీసుకున్నాడు.

పిన్ని ఆయన నక్షా తెప్పించి బల్ల మీద పరిచింది. పొగ గొట్టం ఎక్కడ అని వేలితో వెతికింది. లేదన్నాడు. బూట్లెక్కడ అంది. ఆలోచిస్తానన్నాడు. చెమటతో బయటికొచ్చినవాళ్ళు ఒళ్ళు చల్లార్చుకోవడానికి ఎక్కడ కూర్చుంటారంది. కెఫేలో, అన్నాడు. వాల్ఫ్రిడ్ తువ్వాలు కేసి చూసుకుని దగ్గాడు.

అప్పుడామె అడిగింది. జిమ్‌లో రెండు నిమిషాలు దాచుకున్న మాట ఇదేననుకుంటా.

"బాబూ, ఈ అద్దం గదిలో శవాన్ని ఎక్కడ పెట్టి కడుగుతారు?"

రీస్ కప్పు కింద పెట్టాడు. ఆమె చెప్పింది, పుట్టిన సంగతీ, తల్లి సంగతీ, భర్త సంగతీ. నాలుగే వాక్యాలు. దుప్పటి పేరు ఎత్తలేదు, దానికేసి చూసింది అంతే. ఆయన కళ్ళలో నీళ్ళు. నిజం నీళ్ళే, నేను దగ్గర్నుంచి చూశాను. ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఎంత గొప్ప కథ, మేడమ్. ఇది పోకూడదు. గోడ మీద చెక్కిస్తాను."

మేం ఐదుగురం ఉన్నాం గదిలో. ఐదుగురం నేలకేసి చూశాం. ఈసారి నిమిషమున్నర. వెర్న్ కూడా చూశాడు, అందరికన్నా లోతుగా.

"థాంక్యూ" అన్నాడు రీస్. "మీరంతా ఇలా నావైపు నిలబడ్డందుకు."

ఆ తర్వాతి సంగతి మీకు తెలుసు, పోస్టాఫీసు గోడకు అతికించారు కాబట్టి. మొన్న మంగళవారం సవరించిన నక్షా వచ్చింది. సౌనా నిలబడిందా? లేదు. పొగ గొట్టం వచ్చిందా? లేదు. బూట్లకు చోటు వచ్చింది, ధన్యులం. ముందు హాలు మధ్యలో మాత్రం కొత్తగా ఒక అద్దాల పెట్టె వచ్చింది. అందులో మా పై అరుగు. మీద బోర్లించిన గిన్నె దీపం. కింద రేకు మీద మూడు మాటలు: పుట్టుక, వెచ్చదనం, వీడ్కోలు. దాని కింద, తాకరాదు. అరుగు మీద, మడత చెదరకుండా, తెల్లటి నార దుప్పటి ఒకటి. పక్కన బాణం గుర్తు వేసి, "ప్రదర్శన వస్తువు, స్థానికుల నుంచి సేకరించాలి" అని రాశారు.

ఆ మనిషి బతికుంది. పొయ్యి ఊదుతోంది. ఆవిడ కట్టుకుపోయే గుడ్డను వీళ్ళు సేకరిస్తారట.

ఆ కాగితం పిన్నికి చూపించింది వెర్నే. పోస్టాఫీసులో చూసి తెలుసుకునేకంటే తను చెప్పడం నయమనుకున్నాడట. అంతవరకు మనిషే. నేను అక్కడే కట్టెలు పేరుస్తున్నాను. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని చదివింది. ఆ మూడు మాటలూ చదివింది. బాణం దగ్గర వేలు ఆగిపోయింది. వెర్న్ ఏదో అనబోయాడు. ఊరికి పేరు వస్తుందనీ, పత్రికలవాళ్ళు వస్తారనీ, కుర్రాళ్ళు వలస పోకుండా ఆగుతారనీ వాడి వాదన. ఆ వాదన పూర్తిగా అబద్ధమని నేననను. గని మూడు నెలలు నడిచి మూడు నెలలు మూతపడే ఊరికి పెద్ద దిక్కుగా ఉండటం సుఖం కాదు.

"ఒరే వెర్న్" అంది పిన్ని. "మీ తాతను కడిగిన నీళ్ళు మోసింది మా అమ్మ. నిన్ను కడగాల్సొస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలో అందులో రాశారేమో చూడు."

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళుతూ తలుపు జాగ్రత్తగా వేశాడు, వేడి పోకుండా.

పిన్ని స్టూలెక్కి అటక మీది దుప్పటి దించింది. నేను పట్టుకుంటానంటే వద్దంది. దిగాక తెచ్చి నా చేతుల్లో పెట్టింది. బరువుగా ఉంది, పాత నార.

"మీ ఇంట్లో దాచు, సేకరించడానికొస్తారట" అంది. కట్టె ఒకటి పొయ్యిలోకి తోసి, నావైపు చూడకుండానే చెప్పింది. "గురువారం సభలో నేను లేచి వద్దంటా. ఆ రోజు నేను ముందు నోరు విప్పలేదని మీరెవరూ విప్పలేదు. సరే, ఈసారి ముందు నేనే. కానీ ఒక్క ముసలిదే అంటే చాదస్తం అని రాసుకుంటారు. నా తర్వాత మీకు నోళ్ళొస్తాయా, టౌనో?"

నేలకేసి చూశాను. అలవాటు. ఇంటికొచ్చి దుప్పటి బీరువాలో పెట్టి, ఈ కాగితం రాయడానికి కూర్చున్నాను. ఇదే నా జవాబు.

ఇక వినండి. అక్టోబరు ఇరవై మూడు, గురువారం, సాయంత్రం ఆరు గంటలు, బడి జిమ్. గడువు తీరక ముందు అదే ఆఖరి సభ. సైమి పెల్టోలా లేచి వద్దంటుంది. ఆమె కూర్చోకముందే ఆమె పక్కన ఉన్నవాడు లేవాలి. తర్వాత వాడి పక్కవాడు. వరసగా నూట పద్నాలుగు మందీ. ఉపన్యాసాలు అక్కర్లేదు, మనకు రావు కూడా. పేరు చెప్పండి. "వద్దు" అనండి. కూర్చోండి. గొంతు పెగలనివాళ్ళు బుధవారం నుంచే ఇంట్లో కుక్క ముందు సాధన చేయండి. ఆ తర్వాత చచ్చేదాకా నోరు మూసుకుని ఉండండి, ఎవడూ ఏమీ అడగడు.

రీస్ గారూ, మీరూ రండి. కిందటిసారి మేం నోరు మూసుకుంటే మీకు కన్నీళ్ళొచ్చాయి కదా. ఈసారి రుమాలు పెద్దది తెచ్చుకోండి. ఊరికి కొత్త కట్టడం కావాలంటే మూతపడ్డ కిరాణా కొట్టు స్థలం ఉంది, అక్కడ కట్టండి. ఏటవాలు కప్పు వేయండి. మంచు జారాలి.

వెర్న్, నువ్వు పుస్తకం తెరిచి పెట్టుకో. "కాదు" గడిలో చోటు చాలదు, అదనపు కాగితాలు తెచ్చుకో. ఒక్కో పేరూ రాయి. మొదటి పేరు పక్కన నీ పేరు నువ్వే రాసుకో.